లావు అక్షరములు: నిర్మాణము, ఉపయోగము

ఊరికి క్రొత్తగా వచ్చినవానిని ముందుగా పలుకరించునవి ఆ ఊరి బోర్డులే. మన సిరోంచ ప్రాణహిత గట్టున నున్నది. ఆ నది గోదావరిలో కలియు కాళేశ్వరము ఆవలి యొడ్డున తెలంగాణములో నున్నది. ఇట్టి సరిహద్దున మన పిల్లలు ఒకేరోజున దేవనాగరిలో మరాఠీని, తెలుగు లిపిలో ఇంటి భాషను చదువుచుందురు. రెండు లిపులలో ఏది పెద్దదిగా, స్పష్టముగా కనిపించునో ఆ భాషయే గొప్పదని, ఎవరును చెప్పకయే పసిమనస్సు తలంచును. కావున బోర్డులకును కరపత్రములకును ఉపయోగించు లావు అక్షరములను గూర్చి తల్లిదండ్రులు కొంత తెలిసికొనుట మేలని మేము భావించుచున్నాము.

అచ్చు అక్షరములు చేయు పనులు రెండు. కొన్ని చేరువనుండి పాఠమును చదివించును. కొన్ని దూరమునుండి పిలుచును. రెండవ తెగకు చెందినవే లావు అక్షరములు. వీనిలో వృత్తము, సరళరేఖ, త్రికోణము మొదలగు ఆకారములపై నిర్మింపబడిన వానిని రేఖాగణిత రీతి అక్షరములని చెప్పవచ్చును. ఈ రీతికి పేరుగాంచిన ఉదాహరణము ఫ్యూచురా. పాల్ రెన్నర్ రూపొందించిన ఈ టైపును జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు బావర్ సంస్థ 1927లో వెలువరించినది. అందు ఆంగ్లాక్షరమగు ‘ఓ’ దాదాపు వృత్తము, ‘ఏ’ త్రికోణము. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై విడిచివచ్చిన ఫలకము మీది మాటలు ఈ అక్షరములలోనే యున్నవి.

అయినను, కేవలము వృత్తలేఖినితో గీచినంతనే మంచి అక్షరము కాజాలదు. ఒకే యెత్తు గల చతురస్రము ప్రక్కన వృత్తము చిన్నదిగా తోచును. అందువలన దానిని పైనను క్రిందను వెండ్రుకవాసి పెంచుదురు. ఒకే మందము గల అడ్డగీత నిలువుగీతకంటె లావుగా కనిపించును; అందువలన దానిని కొంచెము పలుచన చేయుదురు. కొలబద్ద చెప్పినదానిని కన్ను అంగీకరించునట్లు సవరించుటయే అక్షరశిల్పి నేర్పు.

మనది గుండ్రని లిపి గదా, ఈ రీతి మనకు సులభమే యని తోచవచ్చును. సున్న విషయమున అది నిజమే. కాని గీత లావైనకొలది లోపలి ఖాళీ తరుగును. తెలుగులో అక్షరభేదము పెక్కుచోట్ల ఆ ఖాళీలోనే యున్నది. చుక్క యున్నచో ‘థ’, లేనిచో ‘ధ’. క్రింద చిన్న నిలువుగీత యున్నచో ‘ఫ’, లోపల గీత యున్నచో ‘ష’, ఏదియు లేనిచో ‘ప’. సిరా ఆ ఖాళీని మ్రింగివేసినచో ‘కథ’ కాస్త ‘కధ’ యగును. ఇప్పుడిప్పుడే అక్షరములు కూడబలుకుకొను బిడ్డ, గోడపై చూచిన ఆ తప్పునే పలకపై వ్రాయును.

రెండవ చిక్కు ఒత్తులది. మన ప్రాంతపు పేర్లనే చూడుడు. ‘సిరోంచ’ కు ఒత్తు లేదు. ‘గడ్చిరోలి’ లో డకారము క్రింద చకారపు ఒత్తు కలదు. ‘మహారాష్ట్ర’ లో షకారము క్రింద టకారపు ఒత్తు, దానితో క్రావడి కూడ చేరును. దేవనాగరిలో సంయుక్తాక్షరములు ఎక్కువగా ప్రక్కప్రక్కన కూర్చబడును. తెలుగులో అవి క్రిందికి దిగును. బోర్డుపై రెండు భాషలకును సమానమైన పట్టీలు గీచి, ఒత్తులతో సహా తెలుగును తన పట్టీలో ఇమిడించినచో, మూలాక్షరములు మరాఠీ అక్షరములకంటె చిన్నవగును. చోటు సమానమే, చూపునకు మాత్రము తెలుగు తగ్గినది. కావున పట్టీల యెత్తును గాక, మూలాక్షరముల యెత్తును, గీతల మందమును సరిపోల్చవలెను. ఒత్తులకు వలసిన అదనపు చోటు తెలుగునకు వేరుగా ఈయవలెను.

ఈ సమత్వమును సాధించిన చక్కని ప్రయత్నము మన రాష్ట్రముననే జరిగినది. ముంబయిలోని ‘ఏక్ టైప్’ అను అక్షరశిల్పుల బృందము ‘బాలూ’ యను లావు టైపును పలు భారతీయ లిపులలో రూపొందించినది. దేవనాగరి రూపము ‘బాలూ’. తెలుగు రూపము ‘బాలూ తమ్ముడు’. తమిళ రూపము ‘బాలూ తంబి’. ఇది కఠినమైన రేఖాగణిత రీతి కాదు, మూలలు మెత్తనివి. పేరునకు తమ్ముడే గాని, బరువున అన్నకు తీసిపోడు. తరువాత వచ్చిన ‘బాలూ 2’ లో అయిదు మందములు కలవు. సిలికానాంధ్ర వెలువరించిన ‘రామభద్ర’ యు శీర్షికలకు తగిన మిక్కిలి లావైన తెలుగు టైపు. వీనిని ఎవరైనను మూల్యము లేకయే కంప్యూటరులో ఉపయోగించుకొనవచ్చును.

పాఠశాల పేరు, వార్షికోత్సవపు బ్యానరు, తరగతి గది సంఖ్య, పరీక్ష తేదీ, టీకాల ప్రకటన — ఇట్టి నాలుగైదు మాటలకు లావు అక్షరము తగును. పాఠమునకు, కథకు, పద్యమునకు అది తగదు. పుట యంతయు నల్లబడి కన్ను అలసిపోవును. అన్నియు లావైనచో ఏదియు ముఖ్యముగా కనిపింపదు.

బోర్డు వ్రాయించుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుడు. ‘కథ’, ‘ఫలము’, ‘మహారాష్ట్ర’ అను మాటలను ఎన్నుకొన్న టైపులో ముద్రించి, గోడకు అంటించి, ఆవరణపు ఆవలి కొననుండి పిల్లలచే చదివింపుడు. వారు తడబడినచో టైపును మార్చుడు, లేదా మందము తగ్గింపుడు.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. తరగతిలో చోటు ఆ విధముగా అడిగి పొందవలసినది. బోర్డుపై చోటు మాత్రము చాలవరకు మన చేతిలోనిదే. మరాఠీని తగ్గింప నక్కరలేదు. దాని ప్రక్కన తెలుగు అంతే నిండుగా నిలిచిన చాలును. రెండవ తరగతి బాలిక వీధి మలుపునుండియే తన బడి పేరును రెండు లిపులలోను తడబడక చదువగలిగిననాడు, ఆ అక్షరములు తమ పని చేసినట్లే.