అభిమాని మాటా? విమర్శకుడి మాటా?



పేరున్న సినిమాకు రెండో భాగమో, మూడో భాగమో వచ్చిందంటే చాలు, ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. కాలేజీకి పోయే పిల్లవాడు మొదటి ఆట చూసొచ్చి, "అమ్మా, పూనకాలే! నువ్వు తప్పకుండ చూడాలె" అంటాడు. వాళ్ళ నాయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏమున్నదిరా అండ్ల? సాగదీసిండ్రు, కథనే లేదని రాసిండ్రు" అంటారు. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పవలసిన పని మనమీద పడుతుంది. టిక్కెట్ల డబ్బు వచ్చేది మన పోపుల డబ్బాలోంచే గదా మరి!

ఈ తగాదా ఎందుకు వస్తుంది, అందులో మనకు పనికివచ్చేది ఎంత? 'పుష్ప'ను తీసుకుని చూద్దాం. ఇంతకంటే మంచి ఉదాహరణ ఈమధ్య రాలేదు.

సుకుమార్ దర్శకత్వంలో అల్లు అర్జున్ నటించిన మొదటి భాగం 2021 డిసెంబరు 17న వచ్చింది. అప్పుడు కూడా రివ్యూలు రాసేవాళ్ళు ఫరవాలేదన్నారే తప్ప నెత్తిన పెట్టుకోలేదు. పెట్టుకున్నది జనం. ఎర్రచందనం కూలీ పుష్పరాజు, ఎత్తిన ఆ భుజం, గడ్డం కింద తిప్పే ఆ చెయ్యి - బడిపిల్లలు కూడా అదే అభినయం. 2023లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడి బహుమతి ఆ పాత్రకే వచ్చింది. ఒక తెలుగు నటుడికి అది దక్కడం అదే మొదటిసారి. అంత ప్రేమ మూటకట్టుకున్న మనిషి 2024 డిసెంబరు 5న మళ్ళీ తెరమీదికి వచ్చాడు.

విమర్శకులు ఏమన్నారంటే - నటన గొప్పగా ఉంది, సరే. కానీ 3 గంటల 20 నిమిషాలలో కథ నడిచింది తక్కువ, ఘట్టాలు పేర్చింది ఎక్కువ. మొదటి భాగం చివర అంత ఆశపెట్టిన పోలీసు అధికారి షెకావత్‌ను ఇందులో తేలిక చేసి, దారి మధ్యలోనే దించేశారు. మొదట్లో జపాను రేవులో చూపించిన పోరాటానికి తర్వాతి కథలో పొంతన దొరకదు. ఇవన్నీ నిజమే. నేనూ ఒప్పుకుంటాను.

అభిమానులు ఈ మాటలకు జవాబు చెప్పలేదు. వాళ్ళు వేరే సంగతి మాట్లాడారు. మన పుష్పరాజు ఎట్లా నడిచాడు, ఎట్లా చూశాడు, భార్య మాట ఎట్లా నిలబెట్టాడు అని. శ్రీవల్లి ముచ్చటపడి ముఖ్యమంత్రితో ఒక ఫోటో దిగి రమ్మంటుంది. ఆ ముఖ్యమంత్రి కాదంటాడు. అంతే, ముఖ్యమంత్రినే మార్చేయాలని పుష్పరాజు పంతం పడతాడు. (ఫోటో కోసం ముఖ్యమంత్రిని మార్చే మొగుడు సినిమాల్లోనే ఉంటాడు సుమా. మనిండ్లల్లో గ్యాసు సిలిండరు మార్చమంటేనే మూడుసార్లు చెప్పాలె.) విమర్శకుడికి ఇది నమ్మశక్యం కాని కథ. హాల్లో కూర్చున్న ఆడవాళ్ళకేమో, మన మాటకూ అంత విలువ ఉంటే బాగుండునే అనిపించే ముచ్చట.

చూశారా, ఇద్దరూ ఒక ప్రశ్నకు రెండు జవాబులు చెప్పడం లేదు. ప్రశ్నలే వేరు. 'ఈ సినిమా బాగా తీశారా?' అని విమర్శకుడు అడుగుతాడు. 'మావాడు బాగున్నాడా?' అని అభిమాని అడుగుతాడు.

మన సిద్దిపేట వాళ్ళకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి మొదలు ఉగాది దాకా జరుగుతుంది. ఒగ్గువాళ్ళు పట్నం వేసి, డోలు కొట్టి, మల్లన్న కథ చెబుతారు. ఏటేటా అదే కథ. మల్లన్న పెండ్లి ఎవరితోనో, చివరికి ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "పాత కథనే చెప్తున్నవేందయ్యా" అని ఎవరైనా లేచిపోయారా? కూర్చున్నవాళ్ళు చూసేది డోలు దెబ్బ ఎట్లా పడింది, గొంతు ఎట్లా లేచింది, ఆ ఘట్టం రాగానే ఒళ్ళు ఝల్లుమన్నదా లేదా అని. అభిమాని సినిమాహాల్లో కూర్చునేది ఈ పద్ధతిలోనే. విమర్శకుడేమో కొత్త నవల చదివినట్టు కూర్చుంటాడు.

పుష్ప రెండో భాగంలో తిరుపతి గంగమ్మ జాతర ఘట్టం ఉంది. ఆ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం అక్కడి ఆచారం. కథానాయకుడు చీర కట్టి, నగలు పెట్టి, ఒంటికి రంగు పూసుకుని ఆడతాడు. తనకు ఆడపిల్ల పుట్టాలని అమ్మవారిని కోరుకుంటాడు. లెక్క చూస్తే ఆ కాసేపూ కథ ఆగినట్టే. అయినా శివసత్తుల పూనకం కండ్లారా చూసినవాళ్ళకు అక్కడ గడియారం గుర్తుకురాదు. నా మటుకు నాకు సినిమా మొత్తంలో అదే నిలిచింది. ఆఖరి గంట మాత్రం చాలా బరువుగా సాగింది. అంత అక్కర లేదు.

అట్లాగని అభిమానులు ఏది ఇచ్చినా తీసుకుంటారనుకోకండి. వాళ్ళకు కోపం వస్తే విమర్శకుల కంటే పదిరెట్లు వస్తుంది. అక్కినేని, సావిత్రిల 'దేవదాసు' 1953 నాటిది. దానినే 1974లో కృష్ణ, విజయనిర్మలతో మళ్ళీ తీశారు. కృష్ణగారికి అభిమానులు తక్కువా? అయినా జనం మనసులో పాత దేవదాసు కూర్చుని ఉన్నాడు. కొత్తవాడికి చోటు ఇవ్వలేదు. అమెరికాలో 'స్టార్ వార్స్' అని ఏండ్ల తరబడి నడుస్తున్న సినిమాల వరుస ఉంది. 2017లో వచ్చిన భాగంలో వాళ్ళ పాత వీరుణ్ణి అందరినీ వదిలి ఒక దీవిలో ఒంటరిగా, ఆశ చచ్చి కూర్చున్న మనిషిగా చూపించారు. కొత్తగా ఆలోచించారని విమర్శకులు మెచ్చుకున్నారు. "మావాణ్ణి ఇట్లా చేస్తారా" అని పాత అభిమానులు ఎందరో మండిపడ్డారు. మన దగ్గర జరిగినదానికి సరిగ్గా తిరగేసిన బొమ్మ.

నిడివి సంగతి కూడా అంతే. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ' 4 గంటలకు కొంచెమే తక్కువ. మన అమ్మలు చంకలో పిల్లలతో, గిన్నెలో పులిహోరతో వెళ్ళి చూసి వచ్చారు. కాబట్టి పొడుగు ఎక్కువని రివ్యూలో రాస్తే, ఎక్కడ పొడుగనిపించిందో కూడా రాశాడా అని చూడండి. రాయకపోతే ఆ మాటకు విలువ తక్కువ. అయిదుకు మూడు, రెండున్నర అని వేసే మార్కులను నేను అసలే పట్టించుకోను. కింద రాసిన కారణాలు చదువుతాను. అభిమాని ఎన్నడూ చెప్పని సంగతులు అక్కడే దొరుకుతాయి: నరుకుళ్ళు ఎంత ఉన్నాయి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడగలమా, ఏ పాటలో తలదించుకోవాలి అని. ఈ సినిమాలోనే 'పీలింగ్స్' పాట నాట్యం మీద చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆడపిల్లల తల్లికి ఆ ఒక్క వాక్యం చాలు.

నిర్మాతలకు ఈ రివ్యూలంటే గుబులు. 2024 డిసెంబరులోనే తమిళ నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు పోయి, విడుదలైన మొదటి 3 రోజులు ఆన్‌లైన్ రివ్యూలు రాకుండా ఆపమన్నారు. కోర్టు ఆపలేదు.

ఇక వసూళ్ళు. "ఇన్ని కోట్లు వచ్చినయి, విమర్శకుల నోరు మూతపడ్డది" అని పిల్లలు పోస్టరు చూపిస్తారు. పుష్ప రెండో భాగానికి 1,800 కోట్లు దాటినట్టు నిర్మాతలే పోస్టర్లు వేశారు. అది 'గ్రాస్'. అంటే టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం. అందులోంచి జీఎస్టీ పోవాలి, హాలువాళ్ళ వాటా పోవాలి, పంపిణీదారుల ఖర్చులు పోవాలి. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలు లెక్కపెట్టి, అదంతా రైతు లాభమే అన్నట్టుంటుంది ఆ లెక్క. పైగా టిక్కెట్టు కొన్నవాడు సినిమా మెచ్చుకున్నాడో, తిట్టుకున్నాడో గ్రాస్‌లో కనబడదు. ముందే కొన్నాడు గదా!

ఆ ముందే కొనడం దగ్గరే నాకు భయం. డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరులో ప్రీమియరు ఆట. కథానాయకుడు కూడా అక్కడికి వచ్చాడు. తొక్కిసలాట జరిగి, భర్తా పిల్లలతో కలిసి వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆస్పత్రి పాలయ్యాడు. తప్పెవరిదన్నది న్యాయస్థానాలు చూసుకుంటాయి. కానీ అందరికంటే ముందు చూడాలన్న ఆత్రానికి, ఏ రివ్యూ రాకముందే ఆ రాత్రి గుమిగూడిన జనానికి సంబంధం లేదనగలమా? ఆ ఇంట్లో కూడా పిల్లలు ముచ్చటపడే ఉంటారు. మనింట్లో పడ్డట్టే.

టిక్కెట్టు ధరలు కూడా ఆత్రానికి తగ్గట్టే పెట్టారు. ఆ రాత్రి ఆటకు మామూలు ధర మీద 800 రూపాయలు పెంచుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. తర్వాత సింగిల్ హాళ్ళలో 5 నుంచి 8వ తేదీ దాకా 150, 16 దాకా 105, 17 నుంచి 23 దాకా 20 రూపాయలు అదనం. నలుగురున్న ఇంటికి లెక్క వేయండి: ప్రీమియరుకైతే 3,200 అదనం, మొదటి నాలుగు రోజులైతే 600, 17 దాటినాక 80. సినిమా అదే, తెర అదే, జాతర అదే. అప్పటికి మెచ్చినవాళ్ళ మాటా, తిట్టినవాళ్ళ మాటా రెండూ మన చెవిన పడి ఉంటాయి, హాల్లో పిల్లల చెయ్యి పట్టుకుని నడవడానికి చోటూ ఉంటుంది. మా గల్లీలో మేము అయిదారుగురం అట్లనే చూస్తాం, మధ్యాహ్నం ఆట, వంట ముగించుకుని.

అన్నట్టు, 2025 జనవరిలో అదే సినిమాకు ఇంకో 20 నిమిషాలు కలిపి మళ్ళీ వదిలారు. "ఉన్నదే ఎక్కువాయె" అని వాళ్ళ నాయన, "అమ్మా, ఇంకోసారి పోదామా" అని పిల్లవాడు.