గ్రామ పాఠశాలకు చేరగల ప్రయోగశాల

విజయవాడ నుండి కృష్ణానది దాటి దక్షిణముగా పోయినచో, మంగళగిరి ప్రాంతమున కురగల్లు గ్రామము వచ్చును. అమృత విశ్వ విద్యాపీఠము వారి అమరావతి ప్రాంగణము అచట కలదు. కేరళలోని మాతా అమృతానందమయి మఠము ఆధ్వర్యమున నడచు ఈ సంస్థ 2003లో విశ్వవిద్యాలయ హోదా పొందినది. డెల్టాలోని కూలి కుటుంబముల పిల్లలలో ఆ ప్రాంగణము వరకు పోగలవారు కొద్దిమందియే. అయితే ఆ విద్యాపీఠము తయారుచేసిన ఒక సాధనము దివిసీమలోని ఉన్నత పాఠశాలకు సైతము చేరగలదు. దానిని గూర్చి పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి.

మతసంస్థలు విద్య నేర్పుట మన డెల్టాకు క్రొత్త కాదు. మచిలీపట్నములో 1843లో రాబర్టు నోబుల్ అను మిషనరీ పాఠశాల పెట్టెను. విజయవాడలో జెసూటు గురువులు 1953లో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించిరి. కాని విద్యార్థియే విద్యాలయమును వెదకికొని పోవలసి వచ్చెడిది. పట్టణములో బస, భోజనము చూచుకొనగలవారికే ఆ చదువు దక్కెడిది.

విజ్ఞానశాస్త్రము విషయమున ఈ చిక్కు మరింత పెద్దది. పుస్తకము ఊరికి వచ్చును, ప్రయోగశాల రాదు. ప్రయోగమును కన్నులార చూడని బాలిక దానిని కంఠస్థము చేయును, ఇంటరులో సైన్సు తీసుకొనుటకు జంకును.

కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద ఐ.ఐ.టీ.లతో పాటు ఈ విద్యాపీఠము కళాశాలలకై ‘వర్చువల్ ల్యాబ్స్’ను నిర్మించినది. పిదప కేంద్ర ఎలక్ట్రానిక్సు శాఖ సహాయముతో, సీ-డాక్ సంస్థతో కలిసి, 9 నుండి 12 తరగతుల వారికి ‘ఓ-ల్యాబ్స్’ను రూపొందించినది. వీనికి రుసుము లేదు. ఆమ్ల, క్షారముల ప్రయోగమునే తీసికొందము. తెరపై బ్యూరెట్టు, ఫ్లాస్కు కనిపించును. కుళాయి త్రిప్పగా ద్రవము చుక్కలుగా పడును. రంగు మారిన క్షణమున ఆపి, కొలత వ్రాసికొని, విద్యార్థియే లెక్క కట్టవలెను. తప్పినచో మరల మొదలిడవచ్చును. గాజు పగలదు, చేయి కాలదు.

ఇది నిజమైన ప్రయోగశాలకు బదులు కాజాలదు. పరీక్షనాళికను దీపముపై పట్టుకొను ఒడుపును తెర నేర్పలేదు. తెర ఉన్నదిగదా యని ఉన్న ప్రయోగశాలకు తాళము వేయుట మా దృష్టిలో పెద్ద పొరపాటు.

పాఠము చెప్పుట ఉపాధ్యాయుని పని. ఆంగ్ల వివరణను తెలుగులో విప్పిచెప్పువాడు ఆయనయే. గది, కరెంటు, ఇంటర్నెట్టు సక్రమముగా ఉన్నవా యని చూచుటలో పంచాయతీ తోడ్పడవచ్చును. తుపాను రోజులలో కరెంటు పోవుట డెల్టా వారికి చెప్పనక్కరలేదు. ఒక ఇన్వర్టరు ఉన్నచో పాఠము ఆగదు. సాయంకాలము గది తెరచి ఉంచదలచినచో, ముందు బడినుండి ఇండ్లకు పోవు దారిలో దీపములు వెలుగవలెను. లేనిచో ఆడపిల్లలను తల్లిదండ్రులు పంపరు.

ఈ విద్యాపీఠము ఆన్‌లైను డిగ్రీలను కూడ ఇచ్చుచున్నది. ఇతర విశ్వవిద్యాలయములు పెక్కు ఇచ్చుచున్నవి. వీని పేరు చెప్పి ఊరికి వచ్చు ఏజెంట్ల విషయమున జాగ్రత్త అవసరము. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు డిగ్రీలను దూరవిద్యలో ఇచ్చుటకు అనుమతి లేదు. మిగిలిన వానికైనను, రుసుము కట్టక పూర్వమే యూజీసీ వెబ్‌సైటులోని జాబితాలో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరము మూడును ఉన్నవేమో గ్రామ సచివాలయములోని కంప్యూటరులో చూపించుకొనవలెను.