ఆఫీసు కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్లు కాపాడుకోవాలి?

2024 మే నెల మూడో వారంలో మన సొసైటీ ఆఫీసు కంప్యూటర్ హార్డ్ డిస్క్ పాడైపోయింది. మీలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మీ విరాళాల సర్టిఫికెట్లు ఎలాగో సమయానికి అందాయి కాబట్టి మేమూ చెప్పలేదు. విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు, పాన్ నంబరు, మొత్తం రాసి ఫారం 10బిడి మే 31 లోగా ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. అది అయితేనే మీ చేతికి 10బిఇ సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. సరిగ్గా ఆ పని మధ్యలో డిస్క్ ఆగిపోయింది.

బ్యాకప్ లేక కాదు. ప్రతి శుక్రవారం మై డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేవాళ్లం. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఉత్తరాలు అన్నీ అందులో భద్రంగా దొరికాయి. ట్యాలీ లెక్కలు మాత్రం లేవు. ట్యాలీ ప్రైమ్ తన డేటాను మై డాక్యుమెంట్స్‌లో పెట్టదు. మామూలుగా సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో ట్యాలీ ప్రైమ్, దాని లోపల డేటా అనే ఫోల్డర్‌లో పెడుతుంది. అక్కడ కంపెనీ పేరు కూడా ఉండదు, ఒక అంకె పేరుతో ఫోల్డర్ ఉంటుంది. చూసినవాళ్లు పనికిరానిదనుకునేలా ఉంటుంది. ఏడాది పొడవునా మేము తప్పు ఫోల్డర్‌ను శ్రద్ధగా కాపాడుతూ వచ్చామన్నమాట. రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు ముందు పెట్టుకుని, జకాత్ ఖాతా వేరు, సాధారణ విరాళాల ఖాతా వేరు చేసుకుంటూ, ఎనిమిది రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించాం.

ఆ తర్వాతే డిస్క్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ గురించి తెలుసుకున్నాం. మేము పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లమే గాని ఇంజనీర్లం కాము. అందుకే మాకు అర్థమైన తీరులోనే చెబుతాం. బీరువాలోంచి ఒక ఫైలు తీసి జిరాక్స్ తీయించడం ఒక పని. బీరువాను ఉన్నదున్నట్టు ఇంకొకటి తయారుచేయించడం వేరే పని. డిస్క్ ఇమేజ్ రెండోది. విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫాంట్లతో సహా డిస్క్ మొత్తం ఒక పెద్ద ఫైలుగా తయారవుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో మనకు కావలసిన ఫోల్డర్లు మాత్రమే ఎంచుకునే వీలు కూడా ఉంటుంది, అన్నిటిలో కాదు. క్లోన్‌జిల్లా ఉచితమే గాని మొత్తం డిస్క్‌నో పార్టిషన్‌నో తీస్తుంది, ఫోల్డర్లు ఎంచుకోనివ్వదు. చాలామంది వాడిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత రూపంలోనూ ఫోల్డర్ల బ్యాకప్ ఉండేది కాదు, పైగా 2024 జనవరి నుంచి దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. వీమ్ ఏజెంట్, ఏఓమీ బ్యాకప్పర్ ఉచిత రూపాల్లో ఫోల్డర్లు ఎంచుకోవచ్చు.

మరి ఫోల్డర్లు చాలా, ఇమేజ్ కూడా కావాలా? మా అనుభవంలో రెండూ కావాలి. మన డిస్క్‌లో నిండిన భాగం 140 జీబీ, అందులో మన సొంత ఫైళ్లు 9 జీబీ మాత్రమే. ప్రతి వారం 140 జీబీ తీయడం అనవసరం. కాని ఫైళ్లు ఒక్కటే ఉంటే సరిపోదని ఈ సావనీరే చెబుతుంది. దీని పేజీలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫైలును ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే మూడు నెలలకోసారి పూర్తి ఇమేజ్, ప్రతి శుక్రవారం ఎంచుకున్న ఫోల్డర్లు అని నియమం పెట్టుకున్నాం. ఇమేజ్‌ను తిరిగి ఎక్కించడానికి రెస్క్యూ పెన్‌డ్రైవ్ కావాలి. దాన్ని కంప్యూటర్ బాగున్నప్పుడే తయారు చేసుకోవాలి.

అసలు కష్టం ఫోల్డర్లు ఎంచుకోవడంలోనే. ఒక సాయంత్రం ఆఫీసులో పని చేసే ముగ్గురినీ కూర్చోబెట్టి "నువ్వు ఫైలు ఎక్కడ సేవ్ చేస్తావు బాబూ?" అని అడిగాం. ఒకరు డెస్క్‌టాప్ అన్నారు, ఒకరు డౌన్‌లోడ్స్ అన్నారు, ఇంకొకరు "ఏమో సార్, రీసెంట్‌లో కనిపిస్తుంది" అన్నారు. మూడో జవాబే మమ్మల్ని భయపెట్టింది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ కూడా వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్లిపోతుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. ట్యాలీ డేటా ఎక్కడుందో కంపెనీ ఆల్టర్ తెరలో రాసి ఉంటుంది. ఊహించకుండా అది చూసి రాసుకోండి.

ఈ సాఫ్ట్‌వేర్లు తెరిచి ఉన్న ఫైళ్లను కూడా తీయగలవు. విండోస్ ఆ క్షణానికి ఒక నకలు పట్టి ఉంచి దాన్నే అందిస్తుంది. అయినా మేము ట్యాలీ మూసే బ్యాకప్ మొదలుపెడతాం. ఇక వారం వారం తీసేటప్పుడు ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్ అని రెండు పద్ధతులు అడుగుతుంది. మొదటిది కిందటిసారి తర్వాత మారినదాన్నే తీస్తుంది. చోటు తక్కువ పడుతుంది గాని గొలుసులో ఒక ముక్క చెడితే దాని తర్వాతివన్నీ పోతాయి. రెండోది మొదటి పూర్తి బ్యాకప్ తర్వాత మారినదంతా తీస్తుంది. పూర్తిదీ, చివరిదీ ఉంటే చాలు. మేము రెండోది ఎంచుకున్నాం.

ఈ ఫైళ్లలో మీ పాన్ నంబర్లు, పిల్లల ఆధార్ కాపీలు ఉన్నాయి. ఇవి మీరు మా దగ్గర ఉంచిన అమానత్. కాబట్టి బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టాం. అది పోతే మళ్లీ తెరవడం ఎవరి వల్లా కాదు. అందుకే కాగితంపై రాసి సీలు వేసిన కవరు ట్రెజరర్ సాహెబ్ బీరువాలో ఉంది. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఒకటి ఆఫీసులో, ఒకటి వారి ఇంట్లో ఉంటుంది. నెలకోసారి అటూ ఇటూ మారుస్తాం. పని అయ్యాక డిస్క్ తీసేస్తాం. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ దాన్నీ వదలదు.

బ్యాకప్ పూర్తయిందని తెరపై వచ్చిన మాటను మేము ఇప్పుడు నమ్మడం లేదు. మూడు నెలలకోసారి డేటాను వేరే ఫోల్డర్‌లోకి తిరిగి తీసి, ట్యాలీలో తెరిచి, ఏదో ఒక రసీదు నంబరు కౌంటర్ ఫాయిల్‌తో సరిచూస్తాం. కిందటిసారి స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఒక ఫోల్డర్ జాబితాలో లేదని అలాగే బయటపడింది. కొత్తగా చేరిన అబ్బాయి దాన్ని డి డ్రైవ్‌లో తెరిచాడు. ఆ రోజే చేర్చాం.