ఎవరు చేసిన పాపం?

భద్రాచలం నుంచి చర్ల మీదుగా ఇంకా లోపలికి వెళితే తెలంగాణ అయిపోయి ఛత్తీస్‌గఢ్ మొదలయ్యే చోట పామేడు ఉంటుంది. బీజాపూర్ జిల్లాకు ఇది చివరి కొస. సొంత జిల్లా కేంద్రానికి నేరుగా వెళ్లే దారి ఏళ్ల తరబడి మూసుకుపోవడంతో సంతకైనా, జ్వరం వస్తే మందుకైనా ఈ ఊరివాళ్లకు చర్లే దిక్కయింది. బీజాపూర్ వైపు రోడ్డు తెరుచుకోవడం ఈమధ్యటి మాట. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక, పామేడు ఉన్న దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. సరిహద్దు దాటి గోదావరి పక్క అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లను మనం గుత్తికోయలంటున్నాం. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కూడా పోలీసులకూ, మావోయిస్టు పార్టీకీ మధ్య ఈ ఊళ్లు నలగడం ఆగలేదు. ఇంత కష్టం పేరుకున్న చోట ఎవరికైనా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: మాకే ఎందుకిలా? దానికి ఎవరి జవాబు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. బస్తర్‌లో క్రైస్తవ విశ్వాసం గురించి ఇప్పుడు సాగుతున్న గొడవంతా ఆ జవాబుల చుట్టూనే తిరుగుతోంది. కాబట్టి బాధ గురించి, బాధను చూడలేని గుడ్డితనం గురించి క్రైస్తవుల గ్రంథం అసలేం చెబుతుందో తెలుసుకోవడం ఆ మతంలో ఉన్నవాళ్లకే కాదు, లేనివాళ్లకూ అవసరమే.

పుట్టుకతో చూపు లేని బిడ్డను చూసి "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అనడం మనకు కొత్త కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. దారి పక్కన పుట్టుగుడ్డి అయిన ఒక బిచ్చగాడు కనిపించగానే శిష్యులు యేసును అడిగిన మాట, పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని. ఇద్దరిదీ కాదని యేసు చెప్పి, అతని కళ్లకు బురద రాసి, సిలోయం కోనేటిలో కడుక్కోమని పంపుతాడు. చూపు వస్తుంది. కథ అంతటితో అయిపోతే అదొక అద్భుతం మాత్రమే. కానీ ఆ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ తర్వాత జరిగిన విచారణే. ఇరుగుపొరుగు వాళ్లు అతన్ని గుర్తుపట్టలేకపోతారు. పెద్దలు పిలిపించి ఒకటికి రెండుసార్లు నిలదీస్తారు. సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయంతో కన్నతల్లిదండ్రులు సైతం, వాడు పెద్దవాడే కదా, వాణ్నే అడగండి అని తప్పుకుంటారు. చివరికి పాపంలో పుట్టినవాడివి నువ్వు మాకు చెప్పేదేమిటని పెద్దలు అతన్ని గెంటేస్తారు. శిష్యులు ప్రశ్నగా అడిగిన మాటనే పెద్దలు తీర్పుగా వేశారన్నమాట. వెలిపడ్డాక అతన్ని వెతుక్కుంటూ వచ్చింది యేసు ఒక్కడే.

ఈ కథలో గుడ్డివాళ్లెవరో పాఠకుడికి చివర్లో తెలుస్తుంది. తమకు అన్నీ కనిపిస్తున్నాయని చెప్పుకున్న పెద్దలతోనే, ఆ ధీమాయే మీ తప్పును మీలో నిలిపి ఉంచుతోందని యేసు అంటాడు. చర్చిల్లో ఆత్మీయ అంధత్వం అన్న మాటను దేవుణ్ని ఎరగనివాళ్లకు తగిలించడం మామూలు. ఈ అధ్యాయం మాత్రం దాన్ని దేవుడి సంగతి తమకే తెలుసనుకున్నవాళ్లకు తగిలించింది. ఎదుటివాడి కష్టాన్ని చూసి, దానికి కారణం వాడేనని తడుముకోకుండా చెప్పగలగడమే ఇక్కడ గుడ్డితనానికి గుర్తు. యోబు గ్రంథం కూడా ఇదే దారి. బిడ్డలు, ఆస్తి, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబును చూడడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పాక, నువ్వేదో చేసి ఉంటావని అధ్యాయాల కొద్దీ వాదించారు. చివరికి దేవుడు కోపగించుకున్నది దేవుడి తరఫున వాదించిన ఆ ముగ్గురి మీదే. దేవుణ్నే నిలదీసిన యోబు సరిగ్గా మాట్లాడాడని మెచ్చుకున్నాడు. సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు ఊరందరికన్నా పాపులా అని యేసే ఎదురు ప్రశ్న వేసినట్టు లూకా రాశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే లెక్కను ఈ గ్రంథం ఇన్నిచోట్ల ఇంత గట్టిగా కాదంటోంది.

ఇప్పుడు బస్తర్‌కు వద్దాం. ఊరంతా కలిసి చేసే విత్తనాల పండుగకు క్రైస్తవులైన కొందరు రావడం మానేస్తారు, చందా ఇవ్వరు, ఊరి దేవర ప్రసాదం ముట్టరు. ఆ తర్వాత వాన వెనకబడినా, పశువుకు రోగమొచ్చినా దేవర అలిగిందంటారు, వేలు వాళ్ల వైపే చూపిస్తుంది. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో వందల మంది క్రైస్తవ ఆదివాసీలు ఊళ్లు విడిచిపెట్టాల్సి వచ్చింది. వాళ్లలో చాలామంది నారాయణపూర్ ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో చర్చి మీద దాడి జరిగింది, అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తలకు దెబ్బ తగిలింది. చావు తర్వాత కూడా పేచీ వదల్లేదు. బస్తర్ జిల్లా ఛింద్‌వాడాలో 2025 జనవరి 7న ఒక పాస్టర్ చనిపోతే, ఊళ్లో పూడ్చనివ్వబోమని గ్రామస్థులు అడ్డుపడ్డారు. కొడుకు హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఇరవై రోజుల పాటు శవం జగదల్‌పూర్ మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ చెరోమాట చెప్పారు. కుటుంబం తన సొంత పొలంలో పూడ్చుకోవచ్చని జస్టిస్ బి.వి. నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. మరో ధర్మాసనానికి పంపితే ఇంకా ఆలస్యమవుతుందని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్ శ్మశానంలో పోలీసు రక్షణతో అంత్యక్రియలు జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఇందులో తప్పంతా ఊరిదే అనడానికి ఊరి తరఫున ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. ఆదివాసీ ఊళ్లో దేవర అంటే గుడికి వెళ్లినప్పుడు మొక్కి వచ్చే దేవుడు కాదు. విత్తనం ఎప్పుడు చల్లాలి, ఇప్పపువ్వు ఎప్పుడు ఏరాలి, చచ్చినవాళ్లను ఎక్కడ పూడ్చాలి, అన్నిటికీ ఆ దేవరతో ముడి ఉంది. నాలుగు ఇళ్లు పక్కకు జరిగితే ఊరి కట్టు సడలుతుందన్న భయం నిజమైనదే. పైగా ఇక్కడ తుపాకులు, గనులు, క్యాంపులు ఆ కట్టును ఇప్పటికే ఎంత తెంచాలో అంత తెంచాయి. ఒంగోలు ప్రాంతంలో 1860లలో మాదిగలు క్రైస్తవులైనప్పుడు ఇలాంటి పేచీయే వచ్చింది: ఊరి జాతరల్లో డప్పు కొట్టబోమని, చచ్చిన గొడ్డు మాంసం తినబోమని వాళ్లు చెబితే, ఊరి పెద్దలు పనులు, నీళ్లు బంద్ చేశారు. అయితే రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. అక్కడ డప్పు కులం పేరుతో నెత్తిన వేసిన వెట్టి. మానేయడంలో విడుదల ఉంది. బస్తర్‌లో విత్తనాల పండుగ అందరిదీ; మానేస్తే పక్కింటివాడి మనసు నొచ్చుకుంటుంది. ఆ నొప్పిని క్రైస్తవులు గుర్తించాలి. కానీ మనసు నొచ్చుకోవడం వేరు, జ్వరానికీ కరువుకీ పొరుగువాణ్ని కారణం చేసి వెలివేయడం వేరు. ఊరి కట్టు నిలవాలంటే ఒకరిని గెంటేయాల్సిందే అన్నప్పుడు, ఆ ఊరు యోహాను రాసిన పెద్దల మాటే మాట్లాడుతోంది.

అదే కొలత చర్చికీ వేయాలి, వేయకపోతే ఈ వాదన ఒక పక్షం వకాల్తా అవుతుంది. స్వస్థత సభల్లో ప్రార్థన చేసినా తగ్గని రోగికి చాలాసార్లు దొరికే జవాబు, నీ విశ్వాసం చాలలేదని. బిడ్డ చనిపోతే ఇంట్లో ఏదో దాచిన పాపం ఉందంటారు. ఊరివాళ్ల జ్వరాలకు వాళ్లు కొలిచే దేవరలే కారణమని బోధించేవాళ్లూ ఉన్నారు. దేవర అలిగిందన్న మాటకూ, విశ్వాసం చాలలేదన్న మాటకూ తేడా దేవుడి పేరులోనే. రెండింటిలోనూ రోగి ముద్దాయి. బస్తర్‌లో జ్వరం సంగతి మనకు తెలియనిది కాదు. దేశంలో మలేరియా అతి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో బీజాపూర్ ఒకటి. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా ప్రతి ఒక్కరి వేలు పొడిచి ఒక చుక్క రక్తం కిట్ మీద వేసి చూశారు. మలేరియా బయటపడినవాళ్లలో సగానికి పైగా మందికి ఏ లక్షణమూ లేదు. మామూలుగా పొలం పని చేసుకుంటున్న మనిషి ఒంట్లో కూడా ఆ క్రిమి ఉంది. దోమ కుట్టేముందు ఎవరు ఏ దేవుణ్ని కొలుస్తారో అడగదు. ప్రార్థన వద్దని దీని అర్థం కాదు. ప్రార్థన చేసి, రక్త పరీక్షకు పంపి, మాత్రలు పూర్తిగా మింగేదాకా వెంటపడే పాస్టర్ యోబు స్నేహితుల మొదటి ఏడు రోజుల పని చేస్తున్నాడు. తగ్గకపోతే నేరం రోగి మీద మోపే పాస్టర్ వాళ్ల ఎనిమిదో రోజు పని చేస్తున్నాడు.

కష్టంలో ఉన్నవాళ్లను ఆశపెట్టి మతం మారుస్తున్నారన్నది మరో ఆరోపణ. ఆకలి మీద, రోగం మీద విశ్వాసాన్ని కట్టడం మోసమే. ఈ సంగతి తెలుగు క్రైస్తవ చరిత్రకే బాగా తెలుసు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చినా ఒప్పుకోలేదు. కూడు కోసం వచ్చినవాళ్లెవరో, దేవుడి కోసం వచ్చినవాళ్లెవరో తేలదని ఏడాదికి పైగా ఆపాడు. సహాయం ముగిశాక తలుపు తీశాడు. 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. అయినా కృతజ్ఞత కొద్దీ వచ్చారనవచ్చు, ఆ అనుమానం పూర్తిగా తీరేది కాదు. మనిషి మనసులో ఒకే కారణం ఎప్పుడూ ఉండదు. కానీ కరువు రాకముందే, 1866లోనే, యర్రగుంట్ల పేరయ్య తనంతట తాను వెతుక్కుంటూ వచ్చి ఆ ఉద్యమానికి నాంది పలికాడు. కష్టాన్ని అవకాశంగా వాడుకోకూడదని ఒక మిషనరీ 1877లోనే గ్రహించాడు. ఇవాళ బస్తర్‌లో పనిచేసే చర్చికి అంతకన్నా తక్కువ గీటురాయి పనికిరాదు.

మరి మీ గ్రంథమే నమ్మనివాళ్ల మనసులకు గుడ్డితనం కమ్మిందని చెబుతుంది కదా అని అడగవచ్చు. నిజమే, కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు ఆ మాట రాశాడు. ఆ రాసినవాడు ఎవరన్నది గుర్తుంచుకోవాలి. మతం పేరిట మనుషుల్ని పట్టుకెళ్లి జైల్లో వేయించి, దమస్కు దారిలో చూపు పోగొట్టుకుని మూడు రోజులు గుడ్డివాడిగా ఉన్న మనిషి అతను. ఎదుటివాడి అంధత్వం గురించి మాట్లాడే అర్హత తన అంధత్వం ఒప్పుకున్నాకే వస్తుంది. బోధించడానికి ముందు వినడం నేర్చుకున్నదానికి పామేడుకు దగ్గరి ఉదాహరణ దుమ్ముగూడెం. 1860 ప్రాంతంలో గోదావరి పడవ మార్గం పనులు చూస్తున్న ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతో, ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు కోయల మధ్య ప్రచారకుడయ్యాడు. తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ దశాబ్దాలు అక్కడే ఉండి, కోయల ఆచారాలు, వేల్పుల కథలు రాసిపెట్టాడు, వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఆ రాతల్లో వలస కాలపు చిన్నచూపు లేకపోలేదు. అయినా కోయల్లో క్రైస్తవులు చాలా నెమ్మదిగానే పెరిగిన ఆ కాలంలో, ఆ మిషన్ కోయల మాటను వినడం నేర్చుకోవాల్సి వచ్చింది. మైకు పట్టుకుని ఒక్క రాత్రిలో ఊరి దేవరల్ని దయ్యాలనేసి వెళ్లిపోయే బోధకుడికి ఆ ఓపిక లేదు. అతను వెళ్లిపోయాక దెబ్బలు తినేది అక్కడే ఉండిపోయిన విశ్వాసి.

కారణం చెప్పలేని విశ్వాసం కష్టంలో ఎందుకన్నది చివరి ప్రశ్న. పీడితుడికి మత్తు ఇచ్చే మందు అని కొట్టిపారేసేవాళ్లకు కూడా ఇదే జవాబు. మత్తుకు కారణాలు కావాలి: నీ ఖర్మ, నీ పాపం, దేవుడి చిత్తం అని సర్దిచెప్పి నిద్రపుచ్చాలి. క్రైస్తవ విశ్వాసం తన మధ్యలో పెట్టుకున్నది నన్నెందుకు విడిచిపెట్టావని సిలువ మీద చచ్చిపోతున్న మనిషి దేవుణ్ని వేసిన, జవాబు రాని ప్రశ్నను. యోబు గొణుగుడును, కీర్తనల్లోని ఏడుపును గ్రంథం తీసేయకుండా ఉంచింది. ఏడ్వడానికి, నిలదీయడానికి హక్కు ఉందని ఒప్పుకున్న చోట మనిషి లొంగిపోడు, కోర్టుకు కూడా వెళతాడు. ఛింద్‌వాడా కొడుకు చేసింది అదే. ఆ విశ్వాసానికి పరీక్ష తన మీద పడ్డ దెబ్బల్ని లెక్కపెట్టుకోవడంతో పూర్తికాదు. జుడుం శిబిరంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో పార్టీ చంపిన మనిషి ఇల్లు, ఎన్‌కౌంటర్ శవం కోసం ఎదురుచూసే ఇల్లు, మందుపాతరకు కాలు పోయిన జవాను, ఎవరిదైనా ఆ నొప్పికి వాళ్లే కారణమనకుండా పక్కన కూర్చోగలగాలి. వెలివేతకు గురైన క్రైస్తవుడు, రేపు దేవర పండుగ చేసుకోనివ్వకపోతే పొరుగువాడి తరఫునా మాట్లాడగలగాలి. చర్చి ఆ పని చేస్తే, గుడ్డితనం గురించి అది ఊరికి వేరే బోధ చేయాల్సిన పని ఉండదు. చేయకపోతే, ఎంత బోధించినా ఆ తొమ్మిదో అధ్యాయంలో దానికి దొరికేది ఆ పెద్దల వరసలో చోటే.