రీలు చివర మిగిలిన నాలుగు ఫొటోలు

సెలవుల్లో బీరువా సర్దుతుంటే పాత ఆల్బమ్ చేతికొస్తుంది కదా, ఈసారి దాన్ని కాస్త తీరిగ్గా తిప్పండి. ముందు పేజీల నిండా పెళ్లి, బారసాల, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం. అందరూ వరసగా నిలబడి కెమెరా వైపే చూస్తుంటారు. మన భాషలో దానికి మంచి మాట ఉంది: ఫొటో దిగడం. చివరికొచ్చేసరికి రెండు మూడు వేరే రకం ఫొటోలు కనబడతాయి. బ్యారేజీ పిట్టగోడ పక్కన నిలబడి నీళ్ల వైపు వేలు చూపిస్తున్న పిల్లాడు, పీచు మిఠాయి మూతికంటుకున్న పాప, గాంధీ కొండ మెట్ల మీద చెప్పులు విప్పుకుని కూర్చున్న పిన్ని. ఇవి వాళ్లు దిగినవి కావు, ఎవరో తీసినవి.

అవి చివర్లోనే ఎందుకుంటాయంటే, అది డబ్బుల లెక్క. రీలుకి 36 ఫొటోలు. ఫంక్షన్‌కి 32 అయిపోతే నాలుగు మిగిలేవి. మిగిలిన రీలు కడగడానికి ఇచ్చేస్తే ఆ నాలుగూ దండగ. అందుకని ఆదివారం సాయంత్రం అలా బయటికెళ్లినప్పుడు వాటిని కానిచ్చేసేవారు. అంత యథాలాపంగా తీసిన ఆ నాలుగిట్లోనే ఇవాళ మనకు ఊరు కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలో కనిపించేది షామియానా.

ఊరు మారిపోతుంది కాబట్టే వాటికి విలువ. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని అందరూ పిలిచిన స్వరాజ్ మైదాన్‌లో ఎన్నో ఏళ్లు జనవరిలో పుస్తక మహోత్సవం జరిగేది. చేతిలో పుస్తకాల సంచీ, మరో చేతిలో మిరపకాయ బజ్జీ పట్టుకుని తిరిగినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. 2024 జనవరి నుంచి అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, స్మృతివనం ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు ఆ స్థలం అంటే అదే. పాత మైదానం ఎలా ఉండేదో వాళ్లకు చూపించాలంటే మీ ఇంట్లోని ఆ నాలుగు ఫొటోలే దిక్కు.

ఇబ్బంది ఏమిటంటే అవి చెరిగిపోతున్నాయి. తాతయ్య, అమ్మమ్మల నలుపు తెలుపు పెళ్లి ఫొటో నిక్షేపంగా ఉంటుంది, దానికంటే ఇరవై ముప్పై ఏళ్లు చిన్నదైన కలర్ ఫొటో మాత్రం ఎర్రబడిపోతుంది. పిల్లలు ఎందుకని అడిగితే ఇలా చెప్పవచ్చు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మను నిలబెట్టేది వెండి. సన్నటి వెండి రేణువులే అక్కడ నలుపుగా కనిపిస్తాయి. కలర్ ఫిల్మ్‌లో మూడు పొరలుంటాయి. ఒకటి నీలి కాంతికి, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందిస్తుంది. రీలు కడిగేటప్పుడు ఆ పొరల్లో వరసగా పసుపు, మెజెంటా, సయాన్ అనే మూడు రంగులు పుడతాయి. మెజెంటా అంటే ముదురు గులాబీ, సయాన్ అంటే పచ్చ కలిసిన నీలం. రంగులు పుట్టాక వెండినంతా రసాయనంతో తీసేస్తారు. మిగిలేది రంగు ఒక్కటే. చీర రంగు వెలిసినట్టే అదీ వెలుస్తుంది. 1970ల్లో, 80ల్లో వేసిన ప్రింట్లలో సయాన్ ముందుగా పోతుంది, అందుకే ఫొటో ఎర్రగా మిగులుతుంది. గోడకు తగిలించిన ఫొటో వెలుతురుకు వెలిస్తే, బీరువాలోది వేడికీ తేమకూ వెలుస్తుంది. మన కృష్ణా తీరంలో ఆ రెంటికీ కొదవలేదు. కలర్ నెగెటివ్ కడిగే మొదటి రసాయనాన్ని 37.8 డిగ్రీల వేడి దగ్గర ఉంచాలి. బెజవాడ మే నెలలో మన బీరువాలు దాదాపు ఆ వేడిలోనే ఉంటాయి!

కాబట్టి ప్రింట్ల కంటే ముందు నెగెటివ్‌లు వెతకండి. స్టూడియోవాళ్లు ప్రింట్లతోపాటు కవర్లో పెట్టి ఇచ్చిన నారింజ రంగు ముక్కలు అవే. వాటిని అంచులతోనే పట్టుకోవాలి. తడిగుడ్డతో తుడవకూడదు, బూజు పట్టి ఉంటే అసలే వద్దు, పైపొర ఊడి వస్తుంది. పాత ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) కాగితం కవర్లలో పెట్టండి. బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన వేయండి. స్కాన్ చేయించేటప్పుడు ఫంక్షన్ ఫొటోలకన్నా ముందు రీలు చివరి ముక్క ఇవ్వండి. పెళ్లి ఫొటోలు ఎలాగూ నలుగురు బంధువుల ఇళ్లలో ఉంటాయి. 2004 కృష్ణా పుష్కరాల నాటివి చాలా ఇళ్లలో ఇంకా నెగెటివ్‌ల మీదే ఉన్నాయి. 2016 పుష్కరాల నాటికి అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, ఆ ఫొటోలు ఏ పాత ఫోన్లో ఉండిపోయాయో అది వేరే వెతుకులాట.

ఇక కొత్తగా తీయడం సంగతి. ఇప్పటి పిల్లలకు రీలంటే ఫోన్లో వీడియో. అయినా హైస్కూలు పిల్లల్లో కొందరు ఫిల్మ్ కెమెరా కావాలని అడుగుతున్నారు. ఇంట్లో పాతది ఉంటే ఒక్క రీలు వేయించి ఇవ్వండి. ఖర్చు ముందే చూసుకోవాలి. రీలు, కడగడం, స్కానింగ్ కలిపితే ఒక్కో ఫొటోకు పదుల రూపాయలవుతుంది. కలర్ ల్యాబ్‌లు ఎక్కువగా డిజిటల్ ప్రింట్లకు మారిపోయాయి, అందుకని ఎక్కడ కడుగుతారో కనుక్కున్నాకే రీలు కొనండి. ఎండలో నిలిపిన కారులో కెమెరా వదిలేయవద్దు.

ఏం తీయాలంటే, పిల్లలు వెంటనే సూర్యాస్తమయం వైపు తిప్పుతారు. బ్యారేజీ మీంచి ఎగువ వైపు చూస్తే సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతుంది, మనుషులు నల్లటి బొమ్మల్లా పడతారు. వెనక్కి తిరిగి, ఆ ఎండ పడుతున్న ముఖాలను తీయమనండి. కలర్ నెగెటివ్ వెలుతురు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడలు మురికిగా, గరుకుగా వస్తాయి. చీకటి పడ్డాక బీసెంట్ రోడ్డులో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బట్టలు పచ్చగా కనబడతాయి, ఎందుకంటే మామూలు రీలు పగటి వెలుతురుకు తయారుచేసింది. నా వరకు ఆ పచ్చదనం బాగానే ఉంటుంది, దుకాణం దుకాణంలాగే కనిపిస్తుంది. భవానీ ద్వీపానికి పడవ ఎక్కేవాళ్ల లైఫ్ జాకెట్ల నారింజ రంగు, ఐస్ గోలా తిన్న నాలుకలు కూడా తీయదగ్గవే. మీ సొంతూరు డెల్టాలో ఎక్కడున్నా క్రికెట్ ఫొటో కావాలంటే వేసవి దాకా ఆగాలి. వరి కోతకు ముందే మినుములు చల్లేస్తారు కాబట్టి, ఆ పంట కూడా ఎత్తాకగానీ పొలం పిల్లల చేతికి రాదు.

ఇలాంటి మామూలు సరదాలను కలర్‌లో తీయడం మీదే పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. జైపూర్‌లో 1942లో పుట్టిన రఘువీర్ సింగ్ నలుపు తెలుపే కళ అనుకునే కాలంలో మన దేశపు వీధులను, ఘాట్లను కలర్ ఫిల్మ్ మీదే తీశారు. రంగు లేకుండా ఈ దేశాన్ని చూపించలేమన్నది ఆయన పట్టుదల. బ్రిటన్‌లో మార్టిన్ పార్ 1983 నుంచి 1985 వరకు న్యూ బ్రైటన్ అనే సముద్రతీరంలో సెలవు గడపడానికి వచ్చిన మామూలు కుటుంబాలను తీశారు. కారుతున్న ఐస్‌క్రీములు, చుట్టూ చెత్త, ఏడుస్తున్న పిల్లలు. పేదవాళ్లను వెక్కిరిస్తున్నాడని కొందరు ఆయన్ను విమర్శించారు కూడా.

ఆ విమర్శను పిల్లలకు చెప్పాలి. ఘాట్లలో స్నానం చేసేవారి వైపు కెమెరా తిప్పకూడదు. ఇతరుల పిల్లలను తీసే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగాలి, వద్దంటే సరేనండీ అని కెమెరా దించేయాలి. బుడగలమ్మే ఆయన్ను తీస్తే, తర్వాత ఒక కాపీ తీసుకెళ్లి ఇస్తే బాగుంటుంది. కాలవ గట్టు మీద, ఘాట్ మెట్ల మీద కెమెరా కంటికి పెట్టుకుని నడవకూడదు. పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా వెంట ఉండాలి.

ప్రింట్లు వచ్చాక వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా తేదీ, చోటు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు రాయించండి. బాల్‌పెన్ను వద్దు, ఒత్తు ముందువైపు పడుతుంది. పాత ఫొటోల వెనక కూడా రాయించండి, పేర్లు అమ్మమ్మను అడిగి.