పాత సీపీయూకి గ్రాఫిక్స్ కార్డా? ముందు మూత తీయండి బాస్!

ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌లు మన కుర్రాళ్ల గదుల్లో చాలానే కనిపిస్తుంటాయి. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ప్రాజెక్టు వర్కుకీ, సినిమాలకీ ఢోకా లేదు. అదే జీటీఏ 5 ఓపెన్ చేశామా.. కారు ముక్కుతూ మూలుగుతూ కదులుతుంది. అప్పుడే ఎవడో ఫ్రెండ్ అంటాడు: ‘ఓ గ్రాఫిక్స్ కార్డు పడెయ్ మామా, సెట్ అయిపోద్ది!’

సలహా తప్పేం కాదు. చిక్కల్లా ఏ కార్డు అన్న దగ్గరే. చాలామంది యూట్యూబ్‌లో ఎఫ్‌పీఎస్ లెక్కలు చూసి కార్డు కొనేస్తారు, ఇంటికొచ్చాక సీపీయూ మూత తీస్తారు. ముందు తీయాల్సింది మూత!

లోపల ఓ మూల ఇనుప డబ్బాలా ఉంటుందే, అదే ఎస్‌ఎంపీఎస్. దాని మీది స్టిక్కర్ చదవండి. డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌నే తీసుకుంటే, కంపెనీ ఇచ్చింది 290 వాట్లదే. పెద్ద కార్డులకు విడిగా కరెంటిచ్చే 6 పిన్, 8 పిన్ వైర్లు అందులో ఉండవు. పోనీ మార్చేద్దామా అంటే, మదర్‌బోర్డుకి వెళ్లే ప్లగ్గు కూడా డెల్ సొంత డిజైనే. బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు. కన్వర్టర్ వైరు కావాలి.

మరి కార్డుకి కరెంటు ఎక్కణ్నుంచి? అది కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ నుంచే. ఆ స్లాట్ ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. మీ షాపింగ్ మొత్తాన్నీ నడిపించాల్సిన అంకె ఇదే.

సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 ఊరిస్తుంది. 8 జీబీ మెమరీ, రేటూ తక్కువే. కానీ దాని ఆకలి 185 వాట్లు. వైరు లేదుగా అంటే ‘సాటా నుంచి 8 పిన్‌కి మార్చే కేబుల్ ఉంది, వాడేయ్’ అనేవాళ్లుంటారు. దయచేసి వద్దు. హార్డ్‌డిస్క్ కోసం పెట్టిన సాటా కనెక్టర్ 12 వోల్టుల లైన్లో దాదాపు 54 వాట్లకు మించి మోయడానికి తయారైంది కాదు. లోడు పెరిగితే ప్లాస్టిక్ కరుగుతుంది. నిప్పంటుకున్నా ఆశ్చర్యం లేదు. వెయ్యీ రెండు వేలు మిగుల్చుకోబోయి ఇంటిమీదికి తెచ్చుకోవడం దేనికి?

75 వాట్లలో ఇమిడేవి లేకపోలేదు. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 1650ల్లో కొన్ని మోడళ్లకు 6 పిన్ ఉంటుంది, కొనేముందు ఫొటోలో పైఅంచు చూసుకోండి. నన్నడిగితే నాలుగో తరం ఐ5కి 1650 సరైన జోడీ. అంతకంటే పెద్దది పెడితే నాలుగు కోర్ల ప్రాసెసరే చాలా గేముల్లో అడ్డం పడుతుంది. 1050 టీఐకి ఎన్‌విడియా కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే వస్తాయి. చవగ్గా దొరికితే తప్ప దాని జోలికి పోకండి.

అన్నట్టు, ‘4 జీబీ’ అన్న అక్షరాలు చూసి జీటీ 730 కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది 2014 నాటిది. మెమరీ ఎంతున్నా చిప్‌లో దమ్ము లేకపోతే గేమ్ నడవదు. జీటీ 1030లోనూ ఓ మెలిక ఉంది. జీడీడీఆర్5 రకం పర్వాలేదు. అదే పేరుతో అమ్మే డీడీఆర్4 రకం మెమరీ వేగం అందులో దాదాపు మూడో వంతే.

మీది పుస్తకంలా సన్నగా ఉండే స్లిమ్ మోడలా? అయితే ‘లో ప్రొఫైల్’ అని రాసున్న కార్డే పడుతుంది.

పాత కార్డు కొంటుంటే జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పాత చిప్‌కి 1050 టీఐ అని పేరు మార్చి అమ్మే మోసాలున్నాయి. డబ్బివ్వకముందే అమ్మేవాళ్ల సిస్టమ్‌లో నడిపి చూస్తే, అలాంటి చాలా నకిలీలను పేరు పక్కనే ‘ఫేక్’ అని చూపిస్తుంది.

ఇంకా హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే మాత్రం కార్డు సంగతి తర్వాత. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి.

బిగించేటప్పుడు ప్లగ్ తీసేసి, చేత్తో కేస్ ఇనుమును ఓసారి తాకి, స్లాట్‌లో ‘టక్’ మనేదాకా నొక్కండి. 1650కి వీజీఏ పోర్టు ఉండదు కాబట్టి, పాత మానిటరైతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ ముందే తెచ్చిపెట్టుకోండి. అన్నీ చేశాక కూడా గేమ్ మునుపటిలాగే నత్తనడక నడుస్తోందా? వెనక్కెళ్లి చూడండి.. మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డుకే ఉండిపోయిందేమో!