జిజెల్, హంస: బ్యాలే మహానర్తకుల కథ

బ్యాలేలో అడుగులు నర్తకి సొంతం కావు. ఏ స్వరానికి కాలు లేవాలో, చెయ్యి ఎటు సాగాలో నృత్యకర్త ఎప్పుడో నిర్ణయించి పెట్టాడు. నేటి రంగస్థలం మీద కనిపించే పెద్ద పాత్రల అడుగుల్లో చాలా భాగం పందొమ్మిదో శతాబ్దం నాటివే. మాట లేదు, పాట లేదు, మార్చుకునే స్వేచ్ఛ కూడా అంతంత మాత్రమే. అయినా ఒకే పాత్రను ఇద్దరు గొప్ప నర్తకులు చేస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. బ్యాలే అభిమానులు ఒకే నాటకాన్ని మళ్లీ మళ్లీ చూసేది ఇందుకే. కథ వాళ్లకు కంఠతా వచ్చు. ఈసారి నాయిక ఎవరు, ఏం చేసి చూపిస్తుంది అన్నదే వాళ్ల ఆరాటం. బ్యాలెరీనా గొప్పతనాన్ని తేల్చే పాత్రలు అన్నిటికన్నా ముందు రెండు: ఒకటి జిజెల్, రెండోది హంస.

ఈ రెండింటికీ దారి వేసింది మరీ టాగ్లియోనీ. 1832 మార్చి 12న పారిస్ ఒపెరాలో తండ్రి ఫిలిప్పో టాగ్లియోనీ రూపొందించిన ‘లా సిల్ఫీడ్’లో ఆమె గాలిలో తేలే వనదేవతగా కనిపించింది. కాలి మునివేళ్ల మీద నిలబడటం అంతకు ముందూ ఉంది కానీ, అది చూపరులను అబ్బురపరిచే విన్యాసంగానే ఉండేది. టాగ్లియోనీ దాన్ని పాత్ర స్వభావంగా మార్చింది. నేలను తాకీ తాకనట్టుండే ప్రాణి అలాగే నడుస్తుందని ప్రేక్షకులు నమ్మారు. తండ్రి శిక్షణ కఠోరమైనది. పైగా ఆనాటి చెప్పుల్లో నేటి ఆసరా లేదు. మెత్తని శాటిన్ చెప్పు ముందు భాగాన్ని దారంతో గట్టిగా కుట్టుకుని, మిగతా బరువంతా కాలి కండరాల మీదే మోసేవారు. ఇప్పటి పాయింట్ షూ ముందు భాగంలో గుడ్డ, కాగితం పొరలను జిగురుతో అంటించి గట్టిపరిచిన గుల్ల ఉంటుంది. అడుగున గట్టి అట్ట ఉంటుంది. రిబ్బన్లను ప్రతి నర్తకీ తన పాదానికి సరిపోయేలా తానే కుట్టుకుంటుంది. కొత్త జతను వంచి, నేలకేసి కొట్టి, చప్పుడు రాకుండా మెత్తబరుస్తుంది. పెద్ద పాత్ర చేసేటప్పుడు ఒక్క ప్రదర్శనకే ఒక జత పనికిరాకుండా పోవడం మామూలే.

‘జిజెల్’ మొదట ప్రదర్శించింది కూడా పారిస్ ఒపెరాలోనే, 1841 జూన్ 28న. కథ అల్లినవారిలో ముఖ్యుడు కవి తియోఫిల్ గోతియే. సంగీతం అడాల్ఫ్ ఆదాం. నృత్యరచన జాన్ కొరాలీ, జూల్ పెరో. తొలి జిజెల్ ఇటలీ యువతి కార్లొట్టా గ్రిజీ. రైన్ నది ప్రాంతపు పల్లెపిల్ల జిజెల్. మారువేషంలో వచ్చిన ప్రభువు అల్బ్రెక్ట్‌ను తమలాంటి వాడే అనుకుని మనసిస్తుంది. అతనికి వేరొకరితో పెళ్లి నిశ్చయమైందని బయటపడగానే మతి తప్పి ప్రాణం విడుస్తుంది. రెండో అంకం అర్ధరాత్రి అడవిలో, ఆమె సమాధి దగ్గర. పెళ్లికి ముందే మోసపోయి చనిపోయిన కన్యల ఆత్మలు అక్కడ తిరుగుతుంటాయి. దొరికిన మగవాణ్ని చచ్చేదాకా ఆడిస్తాయి. వాటిలో చేరిన జిజెల్ మాత్రం తనను మోసం చేసినవాణ్ని తెల్లవారే దాకా కాపాడుతుంది.

ఈ పాత్రలో ఉన్న కష్టం చాలావరకు మతి తప్పే ఘట్టంలో ఉంది. అంతకు ముందు ఒకచోట జిజెల్ డెయిజీ పువ్వు రేకులు తుంచుతూ, అతను ప్రేమిస్తున్నాడో లేదో లెక్కపెడుతుంది. ‘లేదు’ దగ్గర తేలేట్టుందని గ్రహించి ముఖం చిన్నబుచ్చుకుంటే, అల్బ్రెక్ట్ చటుక్కున ఒక రేకు తీసేసి లెక్క సరిచేస్తాడు. నిజం తెలిశాక, జుట్టు విడిపోయి భుజాల మీద పడ్డాక, ఆమె మళ్లీ ఆ లెక్కే మొదలుపెడుతుంది. ఈసారి చేతిలో పువ్వు లేదు. సంగీతం పాత ప్రేమ బాణీని తునకలు తునకలుగా తిరిగి తెస్తుంది. ఇద్దరూ కలిసి వేసిన అడుగులను ఆమె ఒంటరిగా వేయబోయి మధ్యలో తప్పిపోతుంది. కాసేపట్లో ఇదే నర్తకి శరీరమే లేనట్టుగా, కోపం కూడా లేనట్టుగా రెండో అంకం నడపాలి. మొదటి అంకానికి నటి కావాలి, రెండో అంకానికి నీడ కావాలి. రెండూ ఒకరిలోనే ఉండటం అరుదు.

1868 తర్వాత పారిస్ ఈ నాటకాన్ని వదిలేసింది. దాన్ని బతికించింది రష్యా. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రెంచి నృత్యకర్త మరియూస్ పెటిపా దానికి మెరుగులు దిద్ది నిలబెట్టాడు. ఈనాడు అందరూ చూస్తున్నది చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చిన రూపమే. 1910లో దియాగిలెవ్ నడిపిన రష్యన్ బ్యాలే బృందం తమారా కర్సావినా, నిజిన్‌స్కీలతో ‘జిజెల్’ను తిరిగి పారిస్‌కు తీసుకొచ్చింది.

ఇరవయ్యో శతాబ్దపు జిజెల్‌లలో ఓల్గా స్పెసివ్‌త్సేవాను తలుచుకోగానే అభిమానుల గొంతు మారుతుంది. మతి తప్పే ఘట్టం కోసం ఆమె మానసిక చికిత్సాలయాలకు వెళ్లి రోగులను గమనించిందని చెబుతారు. 1932లో లండన్‌లో ఆమె చేసిన ‘జిజెల్’ తాలూకు చిన్న చలనచిత్ర శకలం మిగిలింది. మసకబారిన ఆ బొమ్మల్లో కూడా ఆ కళ్లు చూసేవారిని కుదురుగా కూర్చోనివ్వవు. తర్వాత ఆమె జీవితమే తలకిందులైంది. మానసిక వ్యాధితో 1943 నుంచి ఇరవై ఏళ్లు అమెరికాలో ఆసుపత్రిలో గడిపింది. 1963లో బయటికి వచ్చి, 1991 దాకా జీవించింది.

క్యూబాకు చెందిన అలీసియా అలోన్సోది మరో దారి. ఇరవై ఏళ్ల వయసులో ఆమె కంటి రెటీనా ఊడింది. శస్త్రచికిత్సల తర్వాత కళ్లకు కట్టుతో నెలల తరబడి కదలకుండా పడుకోవాల్సి వచ్చింది. ఆ మంచం మీదే, దుప్పటి మీద వేళ్లు ఆడిస్తూ జిజెల్ పాత్ర మొత్తం నేర్చుకుంది. 1943 నవంబరు 2న న్యూయార్క్‌లో ఆ పాత్ర చేయాల్సిన అలీసియా మార్కోవా జబ్బుపడితే ఆమె స్థానంలో అలోన్సో రంగం మీదికొచ్చింది. ఆ రాత్రితో ఆ పాత్ర ఆమెదైపోయింది. పక్క చూపు లేదు, ఎదుట కనిపించేదీ కొద్దిగానే. రంగస్థలం మీద బలమైన దీపాలను గుర్తులుగా పెట్టుకుని, జోడీ నర్తకుడు సరిగ్గా ఉండాల్సిన చోట ఉంటాడన్న నమ్మకంతో దశాబ్దాల పాటు నర్తించింది. 1948లో హవానాలో సొంత బృందం స్థాపించింది. ఆమె చలనాల్లో ఒక్కటీ తడబడేది కాదు. చూపు తగ్గిన మనిషి అడుగుల్లో అంతటి తూకం ఎలా సాధ్యమైందో బ్యాలే చరిత్రలో ఇప్పటికీ ఆశ్చర్యమే.

సోవియట్ నర్తకి గలీనా ఉలానోవా పాశ్చాత్య ప్రేక్షకుల ఎదుటికి ఆలస్యంగా వచ్చింది. 1956 అక్టోబరులో బొల్షాయ్ బృందం మొదటిసారి లండన్ కోవెంట్ గార్డెన్‌కు వచ్చేనాటికి ఆమెకు 46 ఏళ్లు. పద్నాలుగేళ్లు నిండని జూలియెట్‌గా ఆమె రంగం మీదికి వస్తుందంటే అనుమానించినవారున్నారు. అంగీ వెనక్కి ఎగురుతుండగా ఫ్రయర్ లారెన్స్ మఠానికి ఆమె పరుగెత్తిన పరుగు ఆ అనుమానాలను తుడిచేసింది. అది నిజానికి నృత్యంలో అడుగే కాదు, ఒట్టి పరుగు. అయినా ప్రొకోఫియెవ్ సంగీతంతో 1940లో లెనిన్‌గ్రాడ్‌లో ఆమె తొలిసారి చేసిన ఆ పాత్రలో జనం ముందుగా గుర్తుచేసుకునేది ఆ పరుగునే. అదే పర్యటనలో ఆమె చేసిన ‘జిజెల్’ను కోవెంట్ గార్డెన్‌లోనే చిత్రీకరించారు. అందులో విన్యాసాల మెరుపు కనిపించదు. ఒక ఆలోచన పుట్టి, భుజం మీదుగా వేలి కొసకు చేరేంతవరకూ కంటికి అందుతుంది. నటనకూ నృత్యానికీ మధ్య గీత చెరిపేయడంలో ఆమెకు సాటి లేరు.

ఆ లండన్‌లోనే 1962 ఫిబ్రవరి 21న మరో జిజెల్ చరిత్రకెక్కింది. మార్గో ఫాంటేన్‌కు అప్పుడు 42 ఏళ్లు. రంగం నుంచి తప్పుకునే వయసని అందరూ అనుకుంటున్నారు. అంతకు ముందు ఏడాదే పారిస్ విమానాశ్రయంలో సోవియట్ బృందాన్ని వదిలిపెట్టిన 23 ఏళ్ల రుడోల్ఫ్ నురేయెవ్ ఆమెకు జోడీ. నురేయెవ్ వేడి ఆమెలోని నిదానానికి కొత్త ప్రాణం పోసింది. తెర పడ్డాక ఆమె ఇచ్చిన గులాబీ అందుకుని, అతను మోకాలి మీద వంగి చేతిని ముద్దాడిన దృశ్యం నాటకమంత ప్రసిద్ధం. 1965లో ఇద్దరూ కలిసి చేసిన ‘రోమియో అండ్ జూలియెట్’కు 43 సార్లు తెర లేపాల్సి వచ్చింది. అందులోని జూలియెట్ పాత్రను నృత్యకర్త కెనెత్ మక్‌మిలన్ మొదట లిన్ సీమోర్ శరీరం మీద రూపొందించాడన్నది మాత్రం మరిచిపోకూడదు. పేరు ఒకరికి దక్కినా పాత్రను కన్నది మరొకరు.

ఇక హంస. చైకోవ్‌స్కీ సంగీతంతో ‘స్వాన్ లేక్’ 1877లో మాస్కోలో మొదలైనప్పుడు పెద్దగా మెప్పు పొందలేదు. ఆయన చనిపోయాక, 1895 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మరీన్‌స్కీ రంగశాలలో పెటిపా, లెవ్ ఇవానోవ్ దాన్ని కొత్తగా నిలబెట్టారు. శాపానికి గురై హంసగా మారిన ఒడెట్, రాజకుమారుణ్ని మోసగించే ఒడీల్ — రెండు పాత్రలూ ఒక్కరే చేయాలి. ఆ రోజు చేసింది ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ. మూడో అంకం చివర ఒంటి కాలి మీద వరసగా 32 సార్లు తిరిగింది. ఫుయెతే అనే ఈ విన్యాసంలో ఒక కాలు గాలిని కోస్తూ పక్కకు విసిరి మోకాలి దగ్గరకు ముడుచుకుంటుంది. నిలబడ్డ కాలి మడమ ఒక్కో చుట్టుకు ఒకసారి దిగి మళ్లీ లేస్తుంది. నిలబడ్డ చోటు నుంచి జరగకూడదు. కళ్లు తిరగకుండా చూపు ఒకే బిందువు మీద నిలుస్తుంది. శరీరం తిరిగాక తల చివర కదిలి, శరీరం కన్నా ముందు ఎదుటికి వస్తుంది. రష్యన్ నర్తకుల్లో దీన్ని మొదట సాధించింది మతీల్డా క్షెసిన్‌స్కయా.

ప్రేక్షకులు ఆ 32నూ గట్టిగా లెక్కపెట్టడం ఒక అలవాటైంది. నిజమైన పరీక్ష మాత్రం ఇవానోవ్ కూర్చిన సరస్సు దృశ్యమే. చేతులు రెక్కలు కావాలి, అలాగని పక్షిని అనుకరించినట్టుండకూడదు. లోపల ఒక స్త్రీ బందీగా ఉందని చూసేవారికి తెలియాలి.

ఆ స్త్రీని పక్కకు నెట్టి, పక్షిని మాత్రమే ఉంచిన కృతి ‘డయింగ్ స్వాన్’. దాన్ని నృత్యకర్త మిహాయిల్ ఫోకిన్ సాన్‌సాన్స్ సంగీతానికి అన్నా పావ్లోవా కోసం కూర్చాడు. కొద్ది నిమిషాల నృత్యం. గిరగిరా తిరగడాలు లేవు, దూకడాలు లేవు. మునివేళ్ల మీద గబగబా పడే చిన్న చిన్న అడుగులు, అలల్లా లేచి పడే చేతులు, చివర నేల మీద ఒదిగిపోవడం. 1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చాకలి పని చేసే తల్లికి పుట్టిన పావ్లోవా సన్నని చీలమండలు, బాగా వంపు తిరిగిన పాదాలు ఆనాటి ఇటలీ శైలి బలానికి సరిపోవని చాలామంది భావించారు. చెప్పు అడుగున గట్టి తోలు వేసుకుని ఆమె తన దారి తాను చూసుకుంది. లండన్‌లోని తన ఐవీ హౌస్ ఇంటి కొలనులో హంసలను పెంచింది. బ్యాలే ఎన్నడూ చూడని ఊళ్లకు తన బృందాన్ని తీసుకెళ్లింది. 1917లో పెరూ రాజధాని లీమాలో ఆమెను చూసిన ఒక పిల్లవాడు, తర్వాత ఇంగ్లండ్ మహా నృత్యకర్తగా పేరొందిన ఫ్రెడరిక్ ఆష్టన్, ఆ సాయంత్రమే నర్తకుడు కావాలని తీర్మానించుకున్నాడు. 1931 జనవరి 23న ది హేగ్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె కన్నుమూసింది.

పావ్లోవా భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చింది. 1923లో లండన్‌లో ఉదయ్ శంకర్ కృష్ణుడిగా, తాను రాధగా నర్తించింది. 1920ల చివర ఆమెను కలిసి, ఆమె బృందంలోని క్లియో నార్డి దగ్గర బ్యాలే పాఠాలు మొదలుపెట్టిన రుక్మిణీదేవికి సొంత దేశపు నృత్యం వైపు చూడమని చెప్పింది కూడా పావ్లోవాయే. రుక్మిణీదేవి భరతనాట్యం నేర్చుకుని 1936లో మద్రాసులో కళాక్షేత్రం స్థాపించారు. మదనపల్లెలో పుట్టిన నర్తకి యామినీ కృష్ణమూర్తి శిక్షణ పొందింది అక్కడే.

హంసను పూర్తిగా వేరే స్వభావంతో చూపింది మాయా ప్లిసెత్‌స్కయా. స్టాలిన్ కాలంలో, 1938లో తండ్రిని కాల్చి చంపారు. తల్లిని జైలుకు పంపారు. బొల్షాయ్ బృందం 1956 లండన్ పర్యటనకు ఆమెను తీసుకెళ్లలేదు. 1959లో గానీ అమెరికాకు అనుమతి రాలేదు. విదేశీ అధినేతలు మాస్కో వచ్చినప్పుడల్లా మాత్రం ఆమె ‘స్వాన్ లేక్’ వాళ్లకు చూపించేవారు. ఆమె చేతుల్లో ఎముక ఉన్నట్టు అనిపించదు. పావ్లోవా హంస చావుకు తల వంచితే, ప్లిసెత్‌స్కయా హంస చివరి క్షణం దాకా పోరాడుతుంది. అరవై దాటాక కూడా ఆమె ‘డయింగ్ స్వాన్’ చేసింది.

ఈ పాత్రలు తరం నుంచి తరానికి చేరే తీరు కూడా ప్రత్యేకమే. విప్లవం తర్వాత రష్యా వదిలిన నికొలాయ్ సెర్గేయెవ్ పెటిపా నాటకాలను నృత్యలిపిలో రాసిన ప్రతులను వెంట తెచ్చాడు. వాటి ఆధారంగానే 1934లో లండన్‌లో మార్కోవా నాయికగా ‘జిజెల్’, ‘స్వాన్ లేక్’ నిలబడ్డాయి. అయితే ఆ ప్రతుల్లో చాలాచోట్ల ఉన్నది కాళ్ల కదలిక మాత్రమే. చేతులు, మెడ వాలు, చూపు వాటిలో దొరకవు. అవి పాత నర్తకి ఎదురుగా నిలబడి చూపిస్తేనే వస్తాయి. 1910లో ‘ఫైర్‌బర్డ్’ను తొలిసారి చేసిన కర్సావినా 1954లో ఆ పాత్రను ఫాంటేన్‌కు స్వయంగా నేర్పింది. ఉలానోవా రంగం విడిచాక బొల్షాయ్‌లోనే శిక్షకురాలిగా ఉండిపోయి, ఎకతెరీనా మాక్సిమోవా లాంటి తర్వాతి తరం నర్తకులకు తన పాత్రలు అప్పగించింది.